ఉప్పల్‌కి చదువుకోవడానికి వచ్చినవాళ్లు

హైదరాబాదులోని ఉప్పల్‌లోనో నాచారంలోనో బీటెక్ చివరి ఏడాది చదివే పిల్లలున్న ఇంట్లో మాటలన్నీ జీఆర్‌ఈ, ఐ-20, వీసా స్లాటు చుట్టూనే తిరుగుతాయి. విదేశీ చదువంటే ఇక్కడి నుంచి వెళ్లడమేనని అందరి మనసుల్లో స్థిరపడిపోయింది. కానీ అదే ఉప్పల్‌కి విదేశాల నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లూ ఉన్నారు.

వెళ్లడం పాత ముచ్చటే. 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పదహారేళ్ల సరోజిని, తర్వాతి సరోజినీ నాయుడు, హైదరాబాదు నుంచి ఇంగ్లండు వెళ్లింది. అది ప్రభువు దయ. ప్రభుత్వాలు ఒప్పందాలు రాసుకుని విద్యార్థులను పంపుకోవడం ఇక్కడ స్వాతంత్ర్యం వచ్చాకే ఊపందుకుంది. 1950 ఫిబ్రవరి 2న చదువుల రాకపోకల కోసం అమెరికాతో ఫుల్‌బ్రైట్ ఒప్పందం కుదిరింది. అదే ఏడు మౌలానా ఆజాద్ స్థాపించిన భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలి (ఐసీసీఆర్) తర్వాత బయటి దేశాల విద్యార్థులకు మన స్కాలర్‌షిప్‌లు ఇస్తూ వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీలో ఆఫ్రికా, పశ్చిమాసియా విద్యార్థులు కనిపించడం వెనుక ఈ చరిత్ర ఉంది.

ఉప్పల్ వంతు 1960లలో వచ్చింది. ఐక్యరాజ్యసమితి సాయంతో సర్వే ఆఫ్ ఇండియా ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టింది. మన సర్వేయర్లతో పాటు ఆసియా, ఆఫ్రికా దేశాల వాళ్లూ ఇక్కడ పాఠాలు నేర్చుకున్నారు. పరాయి పాలన నుంచి అప్పుడప్పుడే బయటపడిన దేశాలవి. సొంత పటం లేనిదే కాలువ ఎటు తవ్వాలో, సరిహద్దు ఎక్కడుందో తేలదు. 1802లో బ్రిటిష్ అధికారి లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన, దేశాన్ని కొలిచిన మహా త్రికోణమితి సర్వేలో పెత్తనం దొరలది, బరువులు మోసింది మనవాళ్లు. నూట అరవై ఏళ్లు తిరిగేసరికి ఆ విద్యనే మనం ఉప్పల్‌లో కూర్చోబెట్టి ఇతరులకు నేర్పాం. ఈ పేటకు స్టేడియం కన్నా, మెట్రో కన్నా ఇదే పెద్ద గౌరవమని నా నమ్మకం. పేర్లు మారుతూ వచ్చిన ఆ శిక్షణ కేంద్రం ఇప్పుడు జాతీయ జియోఇన్ఫర్మాటిక్స్ శాస్త్ర సాంకేతిక సంస్థ.

డిగ్రీ పిల్లలు ఒక్క సెమిస్టరు వచ్చి వెళ్లే పద్ధతి నగరానికి ఆలస్యంగా వచ్చింది. 1998లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ‘స్టడీ ఇన్ ఇండియా’ కార్యక్రమం మొదలుపెట్టి విదేశీ విద్యార్థులను చేర్చుకుంది.

ఇక ఇక్కడి నుంచి వెళ్లేవాళ్ల సంగతికొస్తే, మన ఎస్సీ, ఎస్టీ పేద పిల్లలు రాష్ట్ర ప్రభుత్వ పథకం అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల రూపాయల వరకూ ఇచ్చే ఆసరాతో విదేశాల్లో పీజీకి వెళ్తున్నారు. మంచి పథకం. కానీ ఉప్పల్ డిగ్రీ కాలేజీలో చదివే అమ్మాయి ఒక సెమిస్టరు బయట చదివి, తిరిగొచ్చి ఇక్కడే పట్టా పుచ్చుకోవాలంటే ఇంట్లోవాళ్లే అప్పు చేయాలి. ఆ ఆరు నెలలకూ ప్రభుత్వం ఒక నిధి పెట్టాలి.