పర్యావరణ కారక సంపర్క పరిశోధన (కృష్ణా డెల్టా, తెలుగు సీమలు)

గాలి, నీరు, ఆహారము, ధూళి అను మార్గములలో రసాయనములు గాని లవణములు గాని సూక్ష్మక్రిములు గాని మనుష్యశరీరమును ఎంత మోతాదున, ఎంతకాలము, ఏ పనివేళలలో చేరుచున్నవో కొలిచి నిర్ణయించు శాస్త్రమునందు డాక్టరేటు పట్టమునకై సాగు అధ్యయనము. కాలువలోని కల్మషము వేరు, ఆ నీరు త్రాగినవాని దేహమున చేరిన మోతాదు వేరు. ఈ రెంటి సంబంధమును తేల్చుటయే ఈ విద్యకు ప్రాణము.

తెలుగునాట ఈ విచారణ బావులయొద్ద ఆరంభమైనది. 1937లో షార్టు అను పరిశోధకుడు, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో వెన్ను బిగిసి కీళ్లు కదలని రోగులను పరీక్షించి, త్రాగునీటిలోని ఫ్లోరైడే ఆ వ్యాధికి మూలమని ప్రకటించిరి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడు పీడిత ప్రాంతమున కౌమారవయస్కుల మోకాళ్లు లోనికి వంగు వికృతిని వర్ణించిరి. నాగార్జునసాగరము నిండిన పిమ్మట భూగర్భజలమట్టము పెరిగి, నేలలోని సూక్ష్మధాతువుల స్థితి మారి, జొన్నలలో మాలిబ్డినము హెచ్చుటయు ఇందుకు తోడ్పడెనని పరిశోధకులు భావించిరి. డెల్టాలోని దివిసీమ పొలములను తడుపు కృష్ణానదిపైననే ఎగువన కట్టిన ఆనకట్ట, మెట్టపల్లెల బిడ్డల ఎముకలను తాకెనేమో యను ఈ శంక ఎంతయు గంభీరమైనది. నీటిని మాత్రమే పరీక్షించి ఊరకున్నచో అది పుట్టియుండెడిదే కాదు.

ఇదే రీతి విచారణలో అమెరికాలో 1980 ప్రాంతమున వాలెసు మొదలగు పరిశోధకులు మనుష్యులకే గాలి సేకరించు పరికరములు తగిలించి చూడగా, రసాయన కర్మాగారముల చెంతను సైతము, పలు ఆవిరులు వీథిలోకంటె ఇంటిలోపలనే అధికముగా కనబడినవి. తరువాత న్యూజెర్సీలోని రట్గర్సు విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమునకే ప్రత్యేకమైన డాక్టరేటు విద్య ఏర్పడినది. హైదరాబాదు చెంతనున్న 28 గ్రామములలో బార్సిలోనా, హైదరాబాదు పరిశోధకులు కలిసి జరిపిన వాయుకాలుష్య అధ్యయనమున గ్రామస్థులు ధరించిన చిన్న కెమెరాలు, కట్టెలపొయ్యి ముందు గడచు వేళ స్త్రీలు పీల్చు ధూళిని ఎంత పెంచునో చూపినవి.

మచిలీపట్నమున 2008లో కృష్ణా విశ్వవిద్యాలయము వెలసినది గనుక, డెల్టాకు తనవైన ప్రశ్నలను ఇచ్చటనే చేపట్టవచ్చును. ఉప్పునీటి నేలయైన దివిసీమలో కాలువనీటితో నింపిన మంచినీటి చెరువులు, గుడివాడ పరిసరముల చేపల చెరువులు, చిలకలపూడి గిల్టునగల పనివారు వాడు ఆమ్లములు ఇందుకు తగిన విషయములు. ఈ శాస్త్రమున డాక్టరేటునకై శ్రమించు విద్యార్థి చెరువు నీటితోబాటు ఇంటిబిందెలోని నీటిని, వీథిగాలితోబాటు పనివాని ముక్కు దాపుననున్న గాలిని కొలువవలసియుండును.