రంగం నుంచి తిరిగొచ్చినోళ్ళకి దక్కిందేమిటి?

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టా పచ్చబడిందని అందరూ రాశారు. ఆ పచ్చని చేలల్లోంచే మాల మాదిగలూ, ఇతర పేద కులాలవాళ్ళూ కాకినాడలో ఓడెక్కి రంగం ఎందుకు పోయారో రాసినవాళ్ళు తక్కువ. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు నెత్తినేసుకుని పోయి రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో బస్తాలు మోశారు. కోరంగి రేవు పేరుమీద బర్మావాళ్ళు వాళ్ళని 'కోరంగీలు' అన్నారు. 1930 మే అల్లర్లలో దెబ్బ తిన్నదీ ఈ రేవు కూలీలే.

1942లో జపాన్ సైన్యానికి భయపడి లక్షలమంది అడవుల్లో నడిచారు. తెల్లవాళ్ళ దారి వేరు, నల్లవాళ్ళ దారి వేరు. 1964లో నేవిన్ ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక మళ్ళీ లక్షలమంది వచ్చారు. సర్కారు వీళ్ళని శరణార్థులనలేదు, 'స్వదేశానికి తిరిగొచ్చినవారు' అంది. పేరులో ఏముందంటారా? స్వదేశమంటే ఇల్లూ పొలమూ ఉన్న చోటని అందులో లెక్క. వ్యాపార రుణాలిచ్చారు, కాలనీలు కట్టారు, 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు పెట్టారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు నేటికీ ఉంది. బస్తా మోసినోడు ఏం వ్యాపారం చేస్తాడు? పేటలో పాక తప్ప ఏమీ లేనోడికి అప్పుతో పోయినా, తిరిగొచ్చినా అప్పే.

అదే దశకంలో టిబెట్ శరణార్థులకు మైసూరు ప్రభుత్వం బైలకుప్పెలో సుమారు 3000 ఎకరాలిచ్చింది. ఇవ్వాల్సిందే, మనకు పేచీ లేదు. ఉగాండా శరణార్థికి సాగుకు చెక్క ఇస్తుంది. బ్రిటన్ ఆశ్రయం కోరి నిర్ణయం కోసం ఎదురుచూసేవాళ్ళకి వారం వారం కొంత డబ్బిచ్చి, పని మాత్రం సాధారణంగా చేయనివ్వదు. ఇండియా 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకమే పెట్టలేదు కనుక ఎవరికేమివ్వాలో అంతా సర్కారు దయ. లంక భూములున్న డెల్టాలో రంగం కూలీకి ఎకరం పట్టా ఇవ్వడం బైలకుప్పె కన్నా కష్టమేమీ కాదు.