కోయెల్-కారో: రాళ్లు అడిగిన ప్రశ్న

మా బడిలో ముంపు ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు కొందరున్నారు. ఒకరోజు ఆనకట్టల పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "సార్, ఆనకట్టను ఆపిన ఆదివాసులు ఎక్కడైనా ఉన్నారా?" అని అడిగింది. ఉన్నారు. ఆ చరిత్ర మన పాఠ్యపుస్తకంలో లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

జార్ఖండ్‌లో దక్షిణ కోయెల్, ఉత్తర కారో అనే రెండు నదులున్నాయి. రెండూ కలిసి ముందుకు సాగి, ఒడిశాలో శంఖ నదితో చేరి బ్రాహ్మణిగా మారతాయి. వాటి ఒడ్డున ఎక్కువగా ముండాలు ఉంటారు. 1973లో అప్పటి బీహార్ ప్రభుత్వం ఈ రెండు నదుల మీద ఆనకట్టలు కట్టి 710 మెగావాట్ల కరెంటు తీయాలని ప్రణాళిక వేసింది. 250కి పైగా ఊళ్లకు ముప్పు ఉందని అక్కడి ప్రజలు లెక్క తేల్చారు.

మొదట రెండు నదుల వాళ్లు వేర్వేరుగా పోరాడారు. 1976లో ఒక్కటై 'కోయెల్-కారో జన సంఘటన్'గా ఏర్పడ్డారు. పనులు ఆపించారు. ఊరి దారిలో అడ్డుగేటు పెట్టి, తమ అనుమతి లేకుండా ప్రాజెక్టు వాహనాలను రానివ్వలేదు.

వాళ్లు ప్రభుత్వాన్ని ఒక మాట అడిగారు. ముండాల ఊరికి సర్నా ఉంటుంది, అంటే దేవతలుండే సాల వృక్షాల తోపు. ససన్‌దిరి ఉంటుంది, అంటే పెద్దల ఎముకల మీద పరిచిన రాతి పలకలు. ఆ రాళ్లే ఆ వంశానికి పట్టా. "పొలానికి పొలం ఇస్తారు సరే, వీటిని ఎలా తరలిస్తారు? ముందు రెండు ఊళ్లను తరలించి చూపించండి" అన్నారు. ప్రభుత్వం చూపించలేకపోయింది.

1995 జూలై 5న అప్పటి ప్రధాని, మన తెలుగువారైన పి.వి. నరసింహారావు శంకుస్థాపనకు రావలసి ఉంది. జనం వేలాదిగా అడ్డు నిలవడంతో ఆ కార్యక్రమం రద్దయింది.

2000 నవంబరులో జార్ఖండ్ రాష్ట్రం వచ్చింది. మన రాష్ట్రం వచ్చిందని ఆదివాసులు సంతోషించారు. మూడు నెలలు నిండకముందే, 2001 ఫిబ్రవరి 1న పోలీసులు ఆ అడ్డుగేటును పీకేశారు. మరునాడు తప్కరా పోలీసు ఔట్‌పోస్టు ముందు నిరసనకు కూర్చున్న జనం మీద కాల్పులు జరిపారు. ఎనిమిది మంది చనిపోయారు. అయినా ఊళ్లు కదలలేదు. 2003లో ప్రభుత్వం ప్రాజెక్టును ఆపేస్తున్నట్లు ప్రకటించింది. ఇప్పటికీ ఏటా ఫిబ్రవరి 2న తప్కరాలో అమరులను తలచుకుంటారు.

ఈ గెలుపు ఉచితంగా రాలేదు. దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది, ప్రాణాలు పోయాయి. వాళ్లు పోరాటం మొదలుపెట్టినప్పుడు పీసా చట్టం లేదు, అటవీ హక్కుల చట్టమూ లేదు. ఊరి సభ, ఊరి మాట మాత్రమే ఉన్నాయి. మనకు ఈ రోజు 1996 నాటి పీసా, 2006 నాటి అటవీ హక్కుల చట్టం రెండూ ఉన్నాయి. కానీ గ్రామసభ తీర్మానం కాగితాన్ని చదవకుండానే సంతకం పెడుతున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక పని చేయండి. మీ ఊరి వాగు, దేవరల చోటు, పెద్దల సమాధులు, చెట్టు చెట్టు పేరు పెద్దవాళ్లను అడిగి ఒక నోటుబుక్కులో రాయండి. రేపు ఎవరైనా వచ్చి "ఇక్కడ మీకేముంది?" అని అడిగితే, ఆ పుస్తకం తెరిచి చూపించాలి.