ఊగిసలాడే నేరం

ఆ మధ్య ఒకాయన నన్ను, "ఫెలొనీని మన ఊళ్ళో ఏమంటారండీ?" అని అడిగారు. ఏమీ అనరు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో నేరాలను ఫెలొనీ, మిస్డిమీనర్ అని విడదీయలేదు. 2024లో దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ విభజన లేదు. అది ఇంగ్లండువాళ్ళది. పాతరోజుల్లో అక్కడ ఫెలొనీ అంటే ప్రాణంతో పాటు భూమీ సొత్తూ కూడా పోయే నేరం. 1870లో ఆ జప్తు ఎత్తేశారు, 1967లో అసలు విభజననే తీసేశారు. పుట్టింటివాళ్ళు మానేసిన ఆచారాన్ని అత్తారింట్లో కూతురు పాటిస్తున్నట్టు, అమెరికా మాత్రం దాన్ని ఇంకా పట్టుకునే ఉంది.

నాకీ చరిత్ర సరదాకి తెలియలేదు. 2016లో కాలిఫోర్నియాలో చదువుకుంటున్న మా మేనల్లుడు అర్ధరాత్రి ఫ్రీవే మీద లేన్లు మార్చుకుంటూ దూకుడుగా నడిపి ఇంకో కారుని గుద్దాడు. తాగలేదు. కానీ ఆ కారులో ఉన్న పెద్దావిడకి తుంటి ఎముక విరిగింది. మామూలు రెక్‌లెస్ డ్రైవింగ్ మిస్డిమీనరే. ఎదుటివాళ్ళ ఎముక విరిగితే మాత్రం ఫెలొనీ కింద పెట్టొచ్చు. అలాగే పెట్టారు. వరంగల్ నుంచి మా అక్క రోజూ ఫోను: "ఆ పెద్ద మాట తీయించరా తమ్ముడూ, వాడి వీసా ఏమవుతుందో!"

లాయరుగారు "ఇది వాబ్లర్" అన్నారు. అంటే ఊగిసలాడేదన్నమాట, ఇటైనా పడొచ్చు అటైనా పడొచ్చు. 1872 నాటి కాలిఫోర్నియా పీనల్ కోడ్‌లోని 17వ సెక్షన్ దీనికి ఆధారం. ప్రాసిక్యూటర్ మొదటే మిస్డిమీనర్‌గా పెట్టొచ్చు, ప్రిలిమినరీ హియరింగ్‌లో మేజిస్ట్రేటు తగ్గించొచ్చు, శిక్ష వేసేటప్పుడు జడ్జి తగ్గించొచ్చు, ప్రొబేషన్ ఇచ్చాక కూడా అడగొచ్చు. ఒకప్పుడు మేజిస్ట్రేటు తగ్గించాలంటే ప్రాసిక్యూటర్ ఒప్పుకోవాల్సి వచ్చేది. న్యాయమూర్తి చేతిలోని పనికి ఇంకొకరి అనుమతేమిటని 1971లో ఎస్టీబార్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ షరతు కొట్టేసింది.

మేము ఆ తలుపే తట్టాం. వాడి మార్కులు, తల్లిదండ్రుల అప్పు, వీసా, అన్నీ చెప్పించాం. మేజిస్ట్రేటుగారు ఓపిగ్గా విని, కుదరదన్నారు.

నాకు కోపం వచ్చింది, నిజమే చెబుతున్నాను. ఆ తర్వాత లాయరుగారు 1997 నాటి ఆల్వరెజ్ తీర్పు గురించి చెప్పారు. అది డ్రైవింగు కేసు కాదు, మత్తుమందు కేసు. తగ్గించే ముందు జడ్జి ఏమేం చూడాలో అందులో ఉంది: నేరం ఎలాంటిది, ఎలా జరిగింది, మనిషి స్వభావమేమిటి, తను చేసినదాన్ని అతను ఎలా అర్థం చేసుకున్నాడు. మేం ఆరోజు చెప్పినదంతా మా కష్టమే! ఆవిడ తుంటి గురించి ఒక్కరం ఒక్క మాట అనలేదు.

"మామయ్యా, నేను ఆవిడకి ఉత్తరం రాస్తాను" అన్నాడు వాడు. లాయరుగారు ముందు వద్దన్నారు, తర్వాత తానే దిద్ది సరైన దారిలో పంపించారు. వాడు నేరం ఒప్పుకున్నాడు. శిక్ష రోజున జడ్జిగారు ప్రొబేషన్ ఇచ్చి, 45 రోజులు కౌంటీ జైలు, ఆవిడ ఖర్చులు కట్టాలని చెప్పి, నేరాన్ని మిస్డిమీనర్‌గా ప్రకటించారు. మాట తగ్గింది గానీ అరెస్టు తుడిచిపెట్టుకుపోలేదు. వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్నచోట వాడు ఇప్పటికీ అవుననే రాయాలి.

ఆరోజు ఆవిడ కూడా కోర్టుకి వచ్చారు. వాకర్ పట్టుకుని ముందు వరసలోకి రావడానికి చాలాసేపు పట్టింది. మావాడు లేచి నుంచున్నాడు, ఆవిడ కూర్చునేదాకా కూర్చోలేదు.

ఉంటాను మరి, సెలవు.