35వ (మద్రాస్ ప్రెసిడెన్సీ) స్క్వాడ్రన్

రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాసు ప్రెసిడెన్సీ పేరు ధరించి పోరాడిన బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ భారీ బాంబర్ల దళం. గుంటూరు జిల్లా అప్పట్లో ఈ ప్రెసిడెన్సీలోనిదే. యుద్ధ ఖర్చులకు విరాళమిచ్చిన ప్రాంతాల పేర్లను విమాన దళాలకు పెట్టడం నాటి ఆనవాయితీ. మద్రాసు పేరు 234, 264 స్క్వాడ్రన్లకూ దక్కింది గాని అవి యుద్ధ విమానాల (ఫైటర్ల) దళాలు.

ఈ దళాన్ని 1940 నవంబరులో హాలిఫాక్స్ విమానాల కోసం పునర్నిర్మించారు. హాలిఫాక్స్‌లు అందుకున్న మొదటి దళం ఇదే. నాలుగు ఇంజన్లు, ఏడుగురు సిబ్బంది, దాదాపు 30 మీటర్ల రెక్కల వెడల్పు ఉన్న ఈ విమానం తొలి దాడి 1941 మార్చిలో ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవు మీద జరిగింది.

దళం రూపుదిద్దుకునే ముందు నెలలోనే, 1940 అక్టోబరు 17న, వినోబా భావేతో వ్యక్తి సత్యాగ్రహం మొదలైంది. యుద్ధానికి మనిషి సాయం గాని డబ్బు సాయం గాని చేయరాదన్నది దాని నినాదం. ప్రెసిడెన్సీలో అప్పటికే కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా చేసి, గవర్నరు పాలన నడుస్తోంది. అంటే విమానాలకు ఎక్కిన పేరు ప్రభుత్వం పెట్టినదే తప్ప ప్రజల తీర్మానం కాదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ నౌకాదళ విమానాలు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. సరిగ్గా మూడు వారాలకు, ఏప్రిల్ 27 రాత్రి, మద్రాసు పేరున్న హాలిఫాక్స్‌లు నార్వేలో ట్రోండ్‌హైమ్ దగ్గర ఒక ఇరుకైన ఫియర్డ్‌లో దాగిన జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్ మీదికి వెళ్లాయి. కొండగోడల నడుమ బాగా కిందికి దిగి, గుండ్రటి మైన్లను నౌక పక్కన నీళ్లలోకి జారవిడవాలన్నది పథకం. నౌక చెక్కుచెదరలేదు. డబ్ల్యూ1048 అనే హాలిఫాక్స్ మాత్రం విమాన విధ్వంసక తుపాకుల దెబ్బ తిని, గడ్డకట్టిన హోక్లింగెన్ సరస్సు మంచు మీద పొట్టతో దిగింది. సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు. గాయపడిన ఒకరు జర్మన్లకు చిక్కగా మిగతావారు స్వీడన్ చేరారు. మంచు కరిగి విమానం అడుగుకు వెళ్లింది. 1973లో గజ ఈతగాళ్లు దాన్ని పైకి తీశారు. ఇప్పుడది లండన్ హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో, కొత్త రంగు పూయకుండా, చాలావరకు వెలికితీసిన స్థితిలోనే ఉంది.

అదే రాత్రి 10వ స్క్వాడ్రన్ హాలిఫాక్స్ నడుపుతూ కూలి, నడిచి స్వీడన్‌కు చేరినవాడు డాన్ బెన్నెట్. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో పుట్టినవాడు. ఆ ఏడాది ఆగస్టులో లక్ష్యాలను గుర్తించి వెలుగు బాంబులతో దారి చూపే పాత్‌ఫైండర్ దళానికి ఆయనే అధిపతి అయ్యాడు. అందులో చేర్చిన మొదటి దళాల్లో 35వది ఒకటి. 1943 జనవరి చివర హాంబర్గ్ దాడిలో, నేలను రాడార్‌తో చూపే హెచ్2ఎస్ పరికరాన్ని తొలిసారి యుద్ధంలో వాడిన రెండు దళాల్లో ఇది ఒకటి.

బెన్నెట్ పనిచేసింది బ్రిటిష్ దళంలోనే అయినా, ఆస్ట్రేలియా వైమానిక దళానికి సొంత భారీ బాంబర్ దళాలూ ఉండేవి: బ్రిటన్ నుంచి 460, 463, 467 దళాలు లాంకాస్టర్లతో, 462, 466 దళాలు హాలిఫాక్స్‌లతో ఎగిరాయి. స్వదేశం నుంచి జపాన్‌పై పోరుకు 1944 నుంచి లిబరేటర్లు వచ్చాయి. చివరికి టిర్పిట్జ్‌ను 1944 నవంబరు 12న ట్రామ్సో దగ్గర బ్రిటిష్ 9, 617 దళాల లాంకాస్టర్లు ముంచాయి. ఆ దాడిని సినిమా తీసింది ఆస్ట్రేలియా 463వ దళం విమానం.

1944లో 35వ దళం కూడా లాంకాస్టర్లకు మారింది. యుద్ధం ముగిశాక 1946లో వాటితోనే అమెరికాలో పర్యటించింది. తరువాత కాన్‌బెర్రాలు, వల్కన్‌ బాంబర్లు నడిపి, 1982 మార్చి 1న రద్దయింది.