వంతు వచ్చేదాకా ఆగే ఆట

జపాన్‌లో వంతులవారీగా ఆడే సుగోరోకు అనే పాచికలాట పిచ్చి ఎంత పాతదంటే, 689లోనే జితో మహారాణి దాన్ని నిషేధించాల్సి వచ్చింది. ఎడో కాలానికి వచ్చేసరికి అదే పేరుతో, క్యోటోకు వెళ్లే తొకైడో బాటను కాగితం మీద గళ్లుగా పరిచి ఆడుకున్నారు. నడుమ ఇన్నేళ్లను ఒక్క గెంతులో దాటేయడం అన్యాయమే కానీ, మనకు కావలసిన గడి 1986 మే 27. ఆ రోజు ఎనిక్స్ సంస్థ ఫామికామ్ గేమ్ యంత్రం కోసం డ్రాగన్ క్వెస్ట్ విడుదల చేసింది. 2026 మే నెలతో దానికి నలభయ్యేళ్లు. ఆట రూపకర్త యూజీ హోరీ అమెరికన్ కంప్యూటర్ ఆటలు రెంటిని కలిపారు: పైనుంచి కనిపించే పటం అల్టిమాది, ఎదురుగా నిలబడే రాక్షసుడు విజర్డ్రీ సొమ్ము. ఆయన గీసిచ్చిన బంకముద్ద రాక్షసుణ్ణి చిత్రకారుడు అకిరా తొరియామా నవ్వుమొహపు నీటిబొట్టుగా మార్చారు. అయితే ఈ సిరీస్ ప్రత్యేకత బొమ్మల్లో కన్నా ఆగడంలో ఉంది. కొట్టాలా, మంత్రం వేయాలా, పారిపోవాలా అని మనం తేల్చుకునేదాకా రాక్షసుడు కదలడు. చేతివేగం లేనివాళ్లు కూడా ఓపికతో బలం పెంచుకుని గెలవచ్చు.

ఆ ఓపికకు మొదట్లో గట్టి పరీక్షే ఉండేది. ఆటలోని రాజుగారు చెప్పే 20 అక్షరాల మంత్రాన్ని నోటుబుక్కులో రాసుకుంటేనే మర్నాడు ఆట కొనసాగేది. రెండో ఆటకి అది 52 అక్షరాల దాకా పెరిగింది. పాత టీవీ తెర మీద జపనీస్ లిపిలో ‘బ’ పక్కనుండే రెండు గీతలకీ, ‘ప’ పక్కనుండే చిన్న సున్నాకీ తేడా తెలిసేది కాదు. ఒక్కటి తప్పు రాసుకుంటే వారం కష్టం గంగపాలు. 1988 ఫిబ్రవరి 10న వచ్చిన మూడో ఆటలో బ్యాటరీ పెట్టి ఆ రాతపని తప్పించారు. (బ్యాటరీ మొరాయించి దాచుకున్న ఆట చెరిగిపోతే శాపం తగిలినప్పటి పాటే వినిపించేది, అది వేరే సంగతి.) మూడో ఆట వచ్చిన ఆ రోజు బుధవారం. టోక్యో దుకాణాల ముందు వేల మంది బారులు తీరారు, బడి ఎగ్గొట్టిన పిల్లలు వందల సంఖ్యలో పోలీసుల కంట పడ్డారు. పనిరోజున విడుదల చేయకూడదని చట్టమే వచ్చిందని ఇప్పటికీ కథ చెబుతారు. అలాంటి చట్టమేదీ లేదు. కానీ నాలుగో ఆట 1990 ఫిబ్రవరి 11న, సెలవు కూడా కలిసొచ్చిన ఆదివారం నాడు వచ్చింది. దానికున్న గిరాకీ చూసి, దానితో పాటు అమ్ముడుపోని పాత కార్ట్రిడ్జ్‌లను అంటగట్టిన వ్యాపారి వ్యవహారం వాణిజ్య కమిషన్ దాకా వెళ్లింది.

ఇదంతా చిన్ననాటి మోజే, ఆటలో సరుకు లేదని కొందరంటారు. మోజు ఉన్నమాట నిజమే. కానీ 2006లో తొమ్మిదో ఆటను వంతుల్లేని కత్తియుద్ధంగా చూపిస్తే అభిమానులు ముఖం చిట్లించారు. 2009లో చేతికొచ్చిన ఆటలో మళ్లీ వంతులే. మోజైతే ఫైనల్ ఫాంటసీ మీద కూడా తక్కువేం కాదు. 1987లో వంతులతోనే మొదలైన ఆ ప్రత్యర్థి, 2023 నాటి పదహారో ఆటలో వాటిని పూర్తిగా వదిలేసింది. విచిత్రంగా అదే ఏడాది బాల్డర్స్ గేట్ 3, 2025లో ఫ్రాన్స్ నుంచి ఎక్స్‌పెడిషన్ 33 వంతుల పోరుతోనే మెప్పు పొందాయి. మరి డ్రాగన్ క్వెస్ట్‌కి మిగిలిన ప్రత్యేకత ఏమిటి? బాల్డర్స్ గేట్ నియమాల చిట్టా చదివిస్తుంది, ఎక్స్‌పెడిషన్ రెప్పపాటులో తప్పుకోమంటుంది. ఇది ఆ రెండూ అడగదు.

ఇక్కడినుంచి లెక్క అంత శుభ్రంగా తేలదు. 2021 మే 27న పన్నెండో ఆటను ప్రకటిస్తూ, పోరు పద్ధతిని మారుస్తామని హోరీయే అన్నారు. జులైలో టోక్యో ఒలింపిక్స్ క్రీడాకారులు కొయిచి సుగియామా కట్టిన డ్రాగన్ క్వెస్ట్ బాణీతో మైదానంలోకి నడిచారు. సెప్టెంబరులో సుగియామా, 2024 మార్చిలో తొరియామా కన్నుమూశారు. ఆ ముగ్గురిలో ఇప్పుడు మిగిలింది, మారుస్తామన్న హోరీ ఒక్కరే.