మహ్‌లఖా గారి జాగీరులో మా చదువు

మా ఆడపడుచు ఇటలీ వెళ్ళొచ్చింది. వెళ్ళొచ్చినవాళ్ళు ఊరుకోరు కదా! ఓ ఆదివారం వారాసిగూడలో మా ఇంటికొచ్చి, నేను పెసరట్లు వేస్తుంటే వంటింటి గుమ్మంలో పీట వేసుకు కూర్చుని ఫోనులో ఫొటోలు చూపించడం మొదలెట్టింది. రోమ్ నగరంలో టైబర్ నది ఒడ్డున గాదెలా గుండ్రంగా ఉన్న పెద్ద కోట. పేరు కాస్టెల్ సాంట్ ఏంజెలో.

"వదినా, ఇది మొదట కోటే కాదుట! హేడ్రియన్ చక్రవర్తి తనకోసం మొదలెట్టించుకున్న సమాధిట. ఆయన పోయాక, క్రీస్తు శకం 139లో పూర్తయిందిట. తర్వాత కోట అయింది, పోపులు ఆపదలో తలదాచుకునే చోటయింది, జైలయింది, ఇప్పుడు మ్యూజియం" అని ఏకరువు పెట్టింది.

వింటూ వింటూ ఓ అట్టు మాడ్చాను. అసూయతో అనుకునేరు! కొంత అదీ ఉందనుకోండి. కానీ ఆ తర్వాత ఆవిడన్న మాటే నన్ను పట్టుకుంది.

"మన పక్కనేముంది వదినా, ఆర్ట్స్ కాలేజీ తప్ప? అదీ 1939లో తెరిచిందేగా. అంతకుముందు అంతా రాళ్ళూ తుప్పలూ అయ్యుంటుంది."

ఔననలేదు, కాదననూ లేదు. ఎందుకంటే నాకు తెలియదు! ఆర్ట్స్ చదివినదాన్ని. ఆ కాలేజీ మెట్లమీద కూర్చుని వేరుశెనక్కాయలు తిన్నదాన్ని. ఆ నేల ఎవరిదని ఒక్కరోజూ అడిగిన పాపాన పోలేదు.

ఆ వారమంతా పుస్తకాలు తిరగేశాను. యూనివర్సిటీ ఉన్నచోటు ఒకప్పుడు అడిక్‌మెట్ జాగీరు. జాగీరంటే ప్రభువు ఇచ్చిన శిస్తు హక్కు. ఆ హక్కు అనుభవించింది ఏ నవాబుగారో కాదు, ఒక స్త్రీ. పేరు మహ్‌లఖా బాయి. 1768లో పుట్టి 1824లో పోయింది. అసలు పేరు చందా, కవిత్వంలో పెట్టుకున్న పేరూ అదే. మహ్‌లఖా అన్నది బిరుదు. చంద్రముఖి అని చెప్పుకోవచ్చు.

ఆమె నిజాం దర్బారులో నర్తకి, గాయని. ఊరికే ఆడి పాడి ఊరుకున్న మనిషి కాదు. విలువిద్య నేర్చింది, ఈటె విసిరింది. రెండవ నిజాం అలీఖాన్ యుద్ధాలకు వెళితే మగవేషంలో వెంట వెళ్ళింది. పెళ్ళి చేసుకోలేదు. అన్నిటినీ మించి, ఉర్దూలో గజళ్ళు రాసి 1798 నాటికే సంపుటం కూర్పించింది. దాని ప్రతి ఒకటి మరుసటేడు జాన్ మాల్కం అనే ఇంగ్లీషు దొరకు కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి లండన్ చేరింది. ఉర్దూలో స్వంత దివాన్ ఉన్న మొదటి కవయిత్రి ఈమేనని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాత ఏడాది ముందుదైన మరో దివాన్ బయటపడింది. అదీ ఓ దక్కనీ ఆడదానిదే, లుత్ఫున్నీసా ఇంతియాజ్‌ది. మొదటి స్థానం పోయినా మన ఊరి పరువు పోలేదు!

"ఆవిడ సమాధి మౌలాలీలో ఉందిట, వెళ్దామా?" అని ఆడపడుచుకు ఫోను చేశాను. పక్క గదిలోంచి మా అత్తగారి గొంతు వినిపించింది.

"భోగంమనిషి సమాధికా? ఇంకెక్కడా చోటు దొరకలేదుటే?"

తార్నాకలో ఆటో ఎక్కి, లాలాపేట మీదుగా మౌలాలీ గుట్ట కిందకి చేరాం. ప్రహరీ లోపల తోట. తోట మధ్య సమాధి. గోడలకు గచ్చుతో చేసిన సన్నని నగిషీ. 1792లో మహ్‌లఖా దీన్ని తనకోసం కాదు, తల్లి రాజ్ కున్వర్ కోసం కట్టించింది. ముప్ఫైరెండేళ్ళ తర్వాత తనూ వచ్చి తల్లి పక్కనే పడుకుంది. పాడుబడిన ఈ చోటును 2010, 2011 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వమిచ్చిన డబ్బుతో బాగుచేశారు. మన ఇంటి పెద్దావిడ సమాధి తుడవడానికి అమెరికా వాళ్ళు రావలసి వచ్చింది!

గుమ్మంమీద ఉర్దూ అక్షరాలున్నాయి. ఇద్దరం నోరెళ్ళబెట్టి చూశాం. 1918లో ఉర్దూలో పై చదువులు చెప్పడానికే పెట్టిన యూనివర్సిటీ పక్కన ఇన్నేళ్ళు కాపురముండి ఒక్క అక్షరం రానందుకు నాకు సిగ్గేసింది.

"చక్రవర్తేమో తనకోసం మొదలెట్టాడు, ఈవిడేమో అమ్మకోసం కట్టించింది" అంది ఆడపడుచు నెమ్మదిగా. ఈసారి ఫొటోలు తీయడం మరిచిపోయింది.

తిరిగొస్తూ ఆటోలో నాకు ముద్దుపళని గుర్తొచ్చింది. తంజావూరు దర్బారులో రాధికా సాంత్వనం రాసిన మహాకవయిత్రి. ఆమె కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తిగా అచ్చువేయిస్తే, మరుసటేడు ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947 దాకా తొలగలేదు. ఆడది రాయడం ఒక తప్పు, అందులో ఆ కులంలో పుట్టి రాయడం రెండో తప్పు! నాలుగు నవలలు రాసుకుని రచయిత్రినని తిరిగే నాకు దారి వేసినవాళ్ళు వీళ్ళే. మనం మాత్రం వాళ్ళ పేర్లెత్తడానికి మొహమాటపడతాం.

ఇంటికొచ్చేసరికి అత్తగారు వీధి వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. కాళ్ళు కడుక్కుని పక్కన కూర్చుని నేనూ ఓ గుప్పెడు తీసుకున్నాను. అడగకపోయినా అన్నీ చెప్పాను. పోయేముందు ఆ తల్లి తన భూములూ బంగారం నగలూ నిలువ నీడలేని ఆడవాళ్ళకు రాసిచ్చిందంటారని కూడా చెప్పాను.

ఆవిడ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. పన్నెండేళ్ళకే పెళ్ళయి, బడి ముఖం చూడని మనిషి.

"అయితే నువ్వు చదువుకున్నది ఆవిడ నేలమీదేనన్నమాట" అన్నారు కాసేపటికి.

"అవునత్తయ్యా."

"దణ్ణం పెట్టుకొచ్చావా?"

పెట్టుకోలేదు. నగిషీ చూస్తూ మరిచేపోయాను.

"మళ్ళీ వెళ్ళేప్పుడు చెప్పు, నేనూ వస్తాను" అని ఆవిడ తల వంచుకుని ఈనె తీశారు.